పెట్రోలు గిన్నెలో గంజి

గుంటూరు

అక్కయ్యకు నాగరత్నం నమస్కారాలు. చీరాలలో నువ్వూ, బావగారూ, పిల్లలూ కులాసాగా ఉన్నారా? అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందో లేదో తప్పకుండా రాయి. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. నిజంగానే బాగున్నాం, దిగులు పెట్టుకోకు. మిరపకాయల ఘాటుకి మొదట్లో రోజంతా తుమ్మేదాన్ని, ఇప్పుడు అలవాటైంది. ఎండ మాత్రం ఓర్చుకోలేకపోతున్నాను, మనకున్న సముద్రపు గాలి ఇక్కడ లేదుగా. డాక్టరమ్మగారి కారు షెడ్డు పక్కనే మా గది. పగలంతా పలకరించేవాళ్లే ఉండరు. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త రొయ్యపొట్టు పంపు.

మీ మరిదికి డాక్టరమ్మగారి దగ్గర డ్రైవరు పని ఇంకా ఖాయం కాలేదని రాశాను కదా. ఈ వారం అది ఊడినంత పనైంది. కారు ముందు మూత ఎత్తితే లోపల చిన్న గాజు గిన్నె ఉంటుందే అక్కా, పెట్రోలు అందులోంచే ఇంజనుకి పోతుంది. చెత్తని ఇత్తడి జాలీ ఆపుతుంది, నీళ్లుంటే గిన్నె అడుక్కి దిగుతాయి. దాన్ని ఫిల్టరు అంటారట. నేనేమో ఫిల్టరంటే డాక్టరమ్మగారి వంటింట్లో కాఫీది ఒక్కటే అనుకున్నాను! ఆ జాలీ చిరిగింది. కొత్తది మద్రాసు నించి రావాలన్నారు. ఈయన ఆగుతారా? అమ్మ పంపిన కొత్త తువ్వాల్లో ముక్క కత్తిరించి జాలీ బదులు బిగించేశారు. నాతో ఒక్క మాటైనా అనలేదు.

రెండు రోజులు బాగానే తిరిగింది. మూడోనాడు కాన్పు చూడటానికి పల్లెకి పోతుంటే దారిలో ఆగిపోయింది. డాక్టరమ్మగారు ఎద్దుబండెక్కి వెళ్లారు. తల్లీబిడ్డా క్షేమం, దేవుడి దయ. కారుని ఎడ్లు కట్టి ఇంటికి లాక్కొచ్చారు. మర్నాడు పొద్దున్నే ఆవిడ ఒక్క మాటే చెప్పారట, సాయంత్రానికి బండి కదలకపోతే వేరే మనిషిని చూసుకుంటానని.

ఈయన అన్నం ముట్టలేదు. నేను పొయ్యి ఆర్పేసి షెడ్డులోకి వెళ్లాను. ఆడవాళ్లకి ఇక్కడేం పనని కసిరారు, అయినా కదల్లేదు. ఆ గిన్నెలో ఏముందో చూడాలని నాకు ఎన్నాళ్ల నించో ఉంది. ఆయన విప్పి కింద పెట్టగానే వేలు పెట్టి చూశాను. అడుగున నీళ్లు, గుడ్డ నిండా తెల్లటి జిగురు. రెండు వేళ్ల మధ్య సాగింది. అక్కా, ఆ జిగురు మనకి తెలియందా? మగ్గం మీది పడుగు నూలుకి పట్టించీ పట్టించీ మన చేతులు అరిగాయి.

"గంజి వదిలించకుండానే గుడ్డ పెట్టారా?" అన్నాను.

"పెట్రోల్లో గంజేం కరుగుతుందే?"

"పెట్రోలు సంగతి నాకు తెలీదు. నీళ్లలో నానుతుందిగా."

సాలెవాడై ఉండి ఆ మాత్రం తోచలేదని ఆయన ముఖం మాడిపోయింది, నాకే జాలేసింది. ఉతికి ఉతికి పల్చబడ్డ పాత పంచె ముక్క ఒకటి, బాగా ఎండింది, తెచ్చిచ్చాను. గొట్టాలు ఊదారు, గిన్నె తుడిచారు, ఆ గుడ్డ రెండు మడతలేసి బిగించారు. గిన్నె కింద చిన్న మీట ఉంటుంది, అది నొక్కుతుంటే గిన్నెలోకి పెట్రోలు ఎక్కుతుంది. నన్నే నొక్కి చూడమన్నారు! నిండేదాకా నేనే నొక్కాను.

బండి కదిలింది. డాక్టరమ్మగారు వచ్చి ఏమైందని అడిగారు. వంటమనిషీ, తోటమాలీ అక్కడే ఉన్నారు. ఈయన ఏదో చెప్పి తప్పించుకుంటారనే అనుకున్నాను.

"తప్పు నాదేనండి, గంజి గుడ్డ పెట్టాను. కనిపెట్టింది మా నాగరత్నం అండి," అన్నారు.

ఆవిడ నవ్వి, పని ఖాయమేనని, ఇకమీదట కారు మూత ఎత్తేముందు నన్ను పిలవమని ఈయనకి చెప్పారు. నేను గదిలోకి పోయి తలుపేసుకుని ఏడ్చాను. పెళ్లయి రెండేళ్లు, ఏమే, ఇదిగో అనడం తప్ప నన్ను పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు ఆయన. ఇవాళ పిలిచారు, అదీ నలుగురి ముందు.

బావగారికి, మీ అత్తగారికి నా నమస్కారాలు. పిల్లలకి ముద్దులు. అమ్మని మా ఇద్దర్నీ చల్లగా దీవించమను. జవాబు వెంటనే రాయి. కవరు పైన చిరునామాలో డ్రైవరుగారి భార్య అని రాస్తున్నావు చూడు, ఈసారి నా పేరు రాయి.

నీ చెల్లెలు
నాగరత్నం