హార్లన్ గిన్నెలోంచి ఒక కప్పు

సెప్టెంబర్ 6, శనివారం

మా ఆయన డెల్బర్ట్‌కి ఇంకా రుచి తెలియడం లేదు. గొంతు క్యాన్సర్‌కి రేడియేషన్ అయి ఐదు నెలలు. వాసన కూడా అంతే. అందరికీ మాత్రం అంతా తిరిగొచ్చిందని చెప్పుకుంటున్నాడు. ఇవాళ వంట పోటీలో ఎప్పట్లాగే మా చిల్లీ, అదే మిరపపొడి వేసి ఉడికించిన మాంసం కూర, స్పూన్‌తో తీసుకుని, కళ్ళు మూసుకుని చప్పరించాడు. తర్వాత స్పూన్ నాకిచ్చాడు. నేను టోపీ సర్దుకుంటే ఉప్పు తక్కువని, చెవి గోక్కుంటే కారం తక్కువని. అరవై దాటాక దొంగ పేకాట ఆడేవాళ్ళలా సైగలు చేసుకుంటున్నాం.

ఏడో స్థానం. ఒక పాయింట్. టెర్లింగ్వా ఊళ్ళో జరిగే ఏడాది ఫైనల్‌కి ఇంకా రెండు కావాలి. గడువు ఈ నెలాఖరు.

సెప్టెంబర్ 11

గొంతులో గడ్డ మళ్ళీ పెరుగుతోందట. ఇక చేయడానికి ఏమీ లేదన్నట్టే మాట్లాడింది డాక్టర్. డెల్బర్ట్ ఒక్కటే అడిగాడు, నవంబర్ ఒకటిన ఫైనల్‌లో స్టవ్ ముందు మూడు గంటలు నిలబడగలనా అని. తింటే నిలబడతావు అందామె. ఇంటికొచ్చి రెండు గుడ్లు, ఒక గిన్నె సూప్ బలవంతంగా దిగమింగాడు. మధ్యమధ్యలో టెర్లింగ్వా, టెర్లింగ్వా అని గొణుక్కున్నాడు.

నేనింక దేవుణ్ణి వేరే ఏమీ అడగను. రెండు పాయింట్లు.

సెప్టెంబర్ 20

జ్వరం. పోటీకి వెళ్ళలేదు. ఇక ఒక్క శనివారమే మిగిలింది.

సెప్టెంబర్ 27, శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పక్క గుడారం హార్లన్‌ది. ముప్పై ఏళ్ళ స్నేహం. మూడేళ్ళుగా ప్రతిసారీ ఒక్క పాయింట్‌తో అతనికి ఫైనల్ తప్పిపోతోంది. ఈసారీ ఒక్కటే తక్కువ. పొద్దున్నే మొదలుపెట్టాడు, ఒరేయ్ డెల్బర్ట్, పోయినసారి నీ చిల్లీ తిన్న జడ్జీ పెళ్ళాం పేరు మర్చిపోయాడ్రా అని. నీది తిన్నవాడికి పెళ్ళామే మిగల్లేదు కదరా అన్నాడు మా ఆయన. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు.

పదకొండింటికి బాత్రూమ్ క్యూలో ఇరుక్కున్నాను. తిరిగొస్తుంటే రెండు గుడారాల అవతలికే మాడు వాసన. డెల్బర్ట్ తీరిగ్గా గరిటె తిప్పుతున్నాడు. అడుగు అంటితే గోకకూడదని మాలో కొత్తగా వచ్చినవాళ్ళకీ తెలుసు. పైది పైనే వేరే గిన్నెలోకి వంపుకోవాలి. వాసన తెలియని మనిషికి అంటిన సంగతి ఎలా తెలుస్తుంది? అడుగంతా గోకి కలిపేశాడు. నల్లటి మాడు పెచ్చులు పైకి తేలాయి. ఎలా ఉందే అన్నాడు. బాగుందన్నాను. కాసేపు ట్రక్కులో కూర్చుంటానని వెళ్ళాడు.

హార్లన్ జడ్జీల కోసం నింపిన తన కప్పు ఇవ్వడానికి వెళ్ళాడు. అతని గిన్నె మూతతో అక్కడే ఉంది. ఇక్కడ ఎవరూ గిన్నెకి కాపలా ఉండరు. ఒకరి గిన్నెలో ఒకరు స్పూన్ పెట్టుకునే జనం. మా కప్పు అందులోంచి నింపాను. మూత బిగించాను. డెల్బర్ట్ వచ్చి దాన్ని రెండు చేతులతో పట్టుకుని తీసుకెళ్ళాడు.

కప్పు మీద నంబరే ఉంటుంది, పేరుండదు. నంబర్ చీటీలో సగం వండినవాడి జేబులో ఉంటుంది. కప్పుల్ని ఐదు బల్లలకి పంచుతారు. ఒకే చిల్లీ, రెండు కప్పులు, రెండు బల్లలు. మా కప్పు ఒక బల్ల మీద నెగ్గి చివరి విడత బల్లకి వెళ్ళింది. హార్లన్ కప్పుని మొదటి విడతలోనే తీసేశారు. పదో స్థానానికీ ఒక పాయింట్ ఇస్తారు, అదొచ్చినా అతనికి సరిపోయేది.

మూడో స్థానం మా నంబర్. రెండు పాయింట్లు. డెల్బర్ట్ చీటీ పట్టుకుని లేచాడు. మొదట కావలించుకుంది హార్లనే.

బహుమతులయ్యాక గెలిచినవాళ్ళ గిన్నె దగ్గరికి అందరూ స్పూన్లు పట్టుకుని వస్తారు. ఇన్నేళ్ళనుంచి చూస్తున్నదాన్ని, మాడిన మా గిన్నె పారబోయాలని నాకు తట్టనేలేదు. హార్లన్ ముందొచ్చాడు. ఒక స్పూన్ తిన్నాడు. డెల్బర్ట్‌ని కాదు, నన్ను చూశాడు. బాగుందిరా అన్నాడు. తర్వాత గిన్నె మీద మూత పెట్టేసి, అయిపోయింది, ఆలస్యంగా వస్తే ఇంతే మరి, వెళ్ళండి వెళ్ళండి అని వెనకాల వాళ్ళని తరిమేశాడు.

సెప్టెంబర్ 28

చర్చిలో ఇదే లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. నేను నిజం చెప్తే మా పాయింట్లు పోతాయి. అవి హార్లన్‌కి రావు. అతని కప్పు మొదటి బల్ల మీదే ఆగిపోయింది. తీసినదాన్ని తిరిగి పెట్టడానికి చోటే లేదు.

అక్టోబర్ 9

డెల్బర్ట్ తింటున్నాడు. ఒక కిలో పెరిగాడు. హార్లన్ ఫోన్ చేయడం లేదు. ఎందుకు చేయడం లేదని డెల్బర్ట్ అడగడం లేదు. సిగ్గుగా ఉంది, సంతోషంగానూ ఉంది.

అక్టోబర్ 14

కాఫీ చల్లారబెట్టుకుంటూ డెల్బర్ట్ చెప్పాడు. ఆ రోజు కప్పు ఇచ్చేముందు మూత తీసి చూశాడట. నేను మాంసం చేత్తో ముక్కలు కోస్తాను, హార్లన్ మిషన్‌లో కైమా కొట్టిస్తాడు, పోయింది నా నాలుకే గానీ కళ్ళు కాదు కదే నెల్డా అన్నాడు. మరి అక్కడే ఎందుకు చెప్పలేదని అడిగాను. చెబుదామనే కూర్చున్నా, నంబర్ పిలిచేసరికి లేచి నిలబడ్డా, అంతే అన్నాడు.

తర్వాత కమిటీకి ఫోన్ చేసి ఫైనల్ నుంచి పేరు తీయించుకున్నాడు. తర్వాత హార్లన్‌కి చేశాడు. తలుపు వేసుకుని గంటసేపు మాట్లాడాడు.

అక్టోబర్ 22

గుడ్డు పెడితే పళ్ళెం పక్కకి తోశాడు. సూప్ తోశాడు. నేను దొంగనైంది నువ్వు తింటావనే కదయ్యా అని అరిచాను. తెలుసే, నీమీద కోపం లేదు, ఇంక దేనికోసం మింగాలి చెప్పు అన్నాడు. గిన్నెలు తోముకుంటూ ఏడ్చాను.

అక్టోబర్ 29

ఇవాళ నీళ్ళు మాత్రమే.

నవంబర్ 1, శనివారం, మధ్యాహ్నం 1

పెరట్లో స్టవ్ పెట్టమన్నాడు. గిన్నెలో వేలు పెట్టావంటే చూడు అన్నాడు. కుర్చీలో కూర్చుని మూడు గంటలు ఒక్కడే వండాడు. హార్లన్ వచ్చాడు. సరిగ్గా పన్నెండింటికి మా ముందు చెరో కప్పు. పదికి మార్కులు వేయమన్నాడు, అబద్ధం చెప్తే ఊరుకోనన్నాడు.

మాడింది. ఉప్పు లేదు.

రెండు అన్నాను. హార్లన్ కూడా రెండే అన్నాడు.

మొత్తం నాలుగు, అన్నాడు డెల్బర్ట్. ఈ నాలుగూ నావేరా అన్నాడు.