ఆ తిట్లు నావి

అమ్మా, నేనూ నా సైకిలూ క్షేమం, బెంగపెట్టుకోకు. బెంగంతా నేనే పెట్టుకున్నాను.

నిన్న చెయిన్ తెగితే ఒక రిపేరు షాపులో కూర్చున్నాను. లోపల్నించి మెకానిక్‌ని వాళ్లమ్మ భోజనానికి పిలుస్తూనే ఉంది, అతను "ఆఁ, వస్తున్నా" అంటూనే ఉన్నాడు. చివరికి ఆవిడ గరిటెతో బయటికొచ్చి, "చల్లారితే మళ్లీ వేడి చెయ్యను, ఏం తింటావో తిను!" అని దులిపేసింది. అతని అదృష్టం చూసి నాకు కడుపు మండిపోయింది. దారి పొడుగునా నన్ను "ఒక్కదానివే ఇంత దూరమా, శభాష్" అనేవాళ్లే గానీ తిట్టే దిక్కు లేదు.

పొద్దున లేవబుద్ధి కావట్లేదే అమ్మా. నీ గొంతు తెచ్చుకుని "లేవవే మొద్దూ, బారెడు పొద్దెక్కింది" అని నన్ను నేనే కేకలేసుకుంటున్నాను. నా కేకలకి నేను భయపడితేగా!

నాన్న మోకాలు ఎలా ఉంది? కిటికీ పక్క నా మంచం చెల్లి ఆక్రమించే ఉంటుంది. నా దుప్పటి మాత్రం బీరువాలో పెట్టి తాళం వెయ్యి.

జవాబు కవరు వెనక రాసిన పోస్టాఫీసుకి రాయి. అక్కడ నీ కార్డు ఉందంటే ఎంత ఎదురుగాలైనా తొక్కుకుంటూ చేరతాను. దీవెనలు వద్దు, కార్డు నిండా తిట్లు రాయి. నేనొచ్చేదాకా చెల్లిని మాత్రం ఒక్క మాట అనకు. ఆ తిట్లు నావి.

నీ పెద్దది