మూత లోపల పెన్సిల్ రాత

వైద్య పరికరాల పర్యవేక్షణ అధికారి వారి సముఖమునకు,
మిషన్లు బాగుచేసి బతికే ఒక మెకానిక్ సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నేను విప్పిన ఆక్సిజన్ మిషన్లన్నిటి జాబితాను ఏడు రోజుల్లోగా దాఖలు చేయవలెనన్న తమ నోటీసు గురించి, ఆ జాబితా ఇచ్చినచో ఎవరెవరి ఊపిరి ఆగిపోవునో తమరికి ముందుగా మనవి చేయుట గురించి.

పై విషయమై మనవి చేసుకొనునది ఏమనగా, తమ నోటీసును సోమవారం నా దుకాణం షట్టరుకు అంటించి వెళ్లారు. ఇవాళ శనివారం. ఇన్నాళ్లూ ఊరుకున్నది నిర్లక్ష్యంతో కాదు. నాకు అర్జీ రాయడం రాదు. స్క్రూడ్రైవర్ పట్టిన చేత్తో ‘సదరు’, ‘పైన ఉదహరించిన’ లాంటి మాటలు రాయాలంటే చెమట పడుతోంది. నా దగ్గర మిషన్ బాగుచేయించుకున్న ఒక రికార్డు గుమాస్తా గారు ఉన్నారు, రిటైరయ్యారు. ముక్కుకు గొట్టం పెట్టుకునే, మధ్యమధ్య ఊపిరి తీసుకుంటూ నాకు మాటలు అందిస్తున్నారు. "ముందు వినయంగా మొదలుపెట్టవయ్యా, కోపం నాలుగో నంబరు దాకా దాచుకో" అన్నారు. అంతదాకా దాచుకోగలనో లేదో తెలియదు.

1. తమ నోటీసులో నన్ను ‘అనధికార వ్యక్తి’ అని పేర్కొన్నారు. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. పెద్దాసుపత్రి వెనక గదిలో పరికరాలు బాగుచేసే మా గురువు దగ్గర నేర్చుకున్నాను. ఆయన నాకు సర్టిఫికెట్ ఇవ్వలేదు, రెండు నియమాలు ఇచ్చారు. ఒకటి: మూత తీసిన ప్రతివాడూ మూత లోపలి వైపు తారీఖు, చేసిన పని పెన్సిల్‌తో రాసి మూయాలి. తర్వాత విప్పేవాడు నీ శత్రువైనా సరే, నువ్వేం చేశావో వాడికి తెలియాలి. పెన్ను పనికిరాదు, వేడికి అలుక్కుపోతుంది. ఈ అలవాటు వల్లనే బజారులో నన్ను పెన్సిల్ మెకానిక్ అంటారు. రెండో నియమం నాలుగో నంబరులో మనవి చేసుకుంటాను.

2. సదరు మిషన్ గది గాలినే పీల్చి, అందులోంచి ఆక్సిజన్ వడకట్టి, ముక్కు గొట్టంలోకి పంపుతుంది. అందులో గాలిని అటూ ఇటూ మళ్లించే వాల్వు ఒకటి నాలుగైదేళ్లకు అరిగిపోతుంది. ఈ మోడల్‌కు కాలం చెల్లిందని చెప్పి కంపెనీ వాల్వులు అమ్మడం మానేసింది. మోడల్‌కు కాలం చెల్లింది గాని దాని మీద బతికేవాళ్లకు ఇంకా చెల్లలేదు. కాబట్టి ఆసుపత్రి పాతసామాను షెడ్డులో పడి ఉన్న అదే కంపెనీ, అదే మోడల్ మిషన్ల నుంచి వాల్వులు తీసి వేస్తున్నాను. ప్రతి వాల్వుకూ లోపల ఒక నంబరు ఉంటుంది. నంబరు కలవకపోతే మిషన్ మీద పసుపు దీపం వెలుగుతుంది, కాని మిషన్ నడుస్తుంది. గాలి దేవుడిది, కరెంటు బిల్లు రోగిది, మిషన్ రోగి కొనుక్కున్నది. అయినా ఆపే మీట మాత్రం కంపెనీ దగ్గరే ఉంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్న సామెత ఇలాంటివాళ్లను చూసే పుట్టి ఉంటుంది.

3. చనిపోయినావిడ గురించి. నోటీసులో ‘సదరు రోగి’ అన్నారు. నేను అక్క అనేవాణ్ణి. నా దుకాణం ఎదురు మేడలో మూడో అంతస్తు. ముప్పై ఏళ్లు బడి యూనిఫారాలు కుట్టింది. నా పిల్లలిద్దరి నిక్కర్లూ ఆవిడ కుట్టినవే, పిల్లలు ఎదుగుతారని అంచు లోపల గుడ్డ ఎక్కువ వదిలేది. గుడ్డ నూగు పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడయ్యాయని డాక్టరు చెప్పారు. ఆవిడకు ఒక్కతే కూతురు. నన్ను మామయ్యా అంటుంది.

ఆ రోజు పగలు పదకొండు గంటలకు మిషన్ కీచుకీచుమంది. ఫిల్టరులో దుమ్ము, అంతే. దులిపితే పోయేది. కూతురు నాకు ఫోన్ చేసింది. నేను వేరే చోట పనిలో ఉన్నాను, చొక్కా మేకుకు తగిలించి ఉంది, ఫోన్ చొక్కా జేబులో ఉంది. మూడు సార్లు చేసి, మిషన్ మీద అంటించి ఉన్న కంపెనీ నంబరుకు చేసింది. తర్వాత జరిగింది ఆ అమ్మాయి చెప్పినది చెప్పినట్టుగా రాస్తున్నాను.

"మేడమ్, మీ మిషన్‌ని బయటివాళ్లెవరైనా తెరిచారా?"

"బయటివాళ్లు కాదండీ, మా మామయ్యే. లోపల రాసి కూడా పెట్టాడు. చదవమంటారా?"

చదివింది. మిషన్ మూతకే ఉన్న ఫిల్టరు తలుపు తీసి, వంగి, నా రాతను ఫోన్లో గట్టిగా చదివి వినిపించింది. ‘వాల్వు మార్చాను. పాత మిషన్‌ది. బాగా నడుస్తోంది.’ కింద తారీఖు.

"ఒక్క నిమిషం లైన్లో ఉండండి మేడమ్."

కాసేపు ఏదో సంగీతం వచ్చిందట.

"మీ భద్రత దృష్ట్యా ఈ మిషన్‌ని ఆపేస్తున్నాం మేడమ్. అసౌకర్యానికి చింతిస్తున్నాం. మా ఇంజనీరు మూడు పనిదినాల్లో మీ ఇంటికి వస్తారు."

"ఆపడమేంటండీ? అమ్మ దాని మీదే ఉంది!"

అప్పటికే ఆగిపోయింది. ఎక్కడో ఉన్న ఆఫీసులో మీట నొక్కితే మూడో అంతస్తులో మిషన్ ఆగింది. అంబులెన్సు రావడానికి నలభై నిమిషాలు పట్టింది. అక్కకు అంత సమయం లేదు.

ఆ ఫోన్ ఎత్తిన అమ్మాయి మీద నాకు కోపం లేదు. మర్నాడు తన సొంత ఫోన్ నుంచి అక్క కూతురికి చేసి ఏడ్చిందట. తన ముందున్న తెర మీద ‘మిషన్ తెరిచారా’ అనే ప్రశ్నకు ‘అవును’, ‘కాదు’ అని రెండు మీటలున్నాయట. ‘ఇప్పుడు మనిషి మిషన్ మీద ఉన్నారా’ అని అడిగే గడి ఎక్కడా లేదట. అయ్యా, ఆ గడి పెట్టనివాడి పేరు తమ నోటీసులో లేదు. నా పేరు మాత్రం మూడు చోట్ల ఉంది.

4. ఇది ఫిర్యాదు కాదు. గుమాస్తా గారు దీన్ని తీసేయమన్నారు, "నీ మెడకు నువ్వే తాడు పేనుకుంటావా" అని. అయినా రాస్తున్నాను. మా గురువు రెండో నియమం: మిషన్ పెట్టిన ఇంట్లో నిండు సిలిండరు పెట్టకుండా గడప దాటకు. అక్క ఇంట్లోనూ పెట్టాను. చనిపోవడానికి ముందురోజు మధ్యాహ్నం దాన్ని నేనే తీసుకెళ్లాను. గుమాస్తా గారి మిషన్‌లో మోటారు కాలిపోయింది, ఆయన పెదవులు నీలంగా మారుతున్నాయి, ఊళ్లో సిలిండరు దొరకలేదు. అక్కే ఇచ్చింది. "తీసుకుపోరా, నా మిషన్ గుర్రంలా పరిగెడుతోంది కదా, రేపు తెచ్చియ్యి" అంది. రేపటికి గుమాస్తా గారు బతికారు, అక్క పోయింది. శిక్ష వేయదలిస్తే దీనికి వేయండి. ఒప్పుకుంటాను. వాల్వు వేసినందుకు మాత్రం ఒప్పుకోను, ఆ వాల్వు ఆవిడకు పదకొండు నెలలు ఊపిరినిచ్చింది.

5. కంపెనీవారు అక్క కూతురికి సంతాప లేఖ పంపారు. చచ్చినవాడి కళ్లు చారెడన్నట్టు, అందులో ఆవిడను ‘మా కుటుంబ సభ్యురాలు’ అన్నారు. అదే రోజు తమరికి పంపిన నివేదికలో మరణానికి కారణం ‘అనధికార జోక్యం’ అని రాశారు. ఇలాంటి మిషన్లు ఇంకెన్ని ఉన్నాయో కనుక్కుంటే ‘తగిన భద్రతా చర్య’ తీసుకుంటామన్నారు. తగిన భద్రతా చర్య అంటే ఏమిటని వాళ్ల సర్వీసు కుర్రాణ్ణే అడిగాను.

"ఏముందన్నా, ఆపేస్తారు. అన్నీ ఒకేసారి."

"అన్నీ ఒకేసారి ఎందుకు?"

"ఒక్కొక్కటీ ఆపాలంటే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పాలి కదా. దానికి మనుషులేరీ?"

6. నా నోటుబుక్కులో పద్నాలుగు మిషన్లున్నాయి. అక్కది కొట్టేశాను. మిగిలినవి పదమూడు. పేర్లు రాయను. ఒకరు బస్సు కండక్టరు, ఇప్పటికీ ఎవరొచ్చినా "లోపలికి జరగండి, లోపలికి జరగండి" అంటారు. ఒకావిడ మంచం మీద కూర్చునే పిల్లలకు ఎక్కాలు చెబుతుంది, పదమూడో ఎక్కం దగ్గర ఊపిరాడక ఆగితే పిల్లలే పూర్తి చేస్తారు. ఒక తండ్రి తన మిషన్ రాత్రిపూట కూతురికిచ్చి తను కిటికీ దగ్గర కూర్చుంటాడు, ఇద్దరికీ ఒకటే మిషన్. మిగతా పదిమందినీ కూడా రాయగలను గాని కాగితం సరిపోదు, తమరికి ఓపికా సరిపోదు. ‘జాబితా’ అని తమరు మూడక్షరాల్లో రాసిన మాటలో వీళ్లంతా ఉన్నారు.

7. అందరూ నాకు చెప్పే బుద్ధి ఒకటే: "అసలు నువ్వెందుకు రాశావు? రాయకపోతే ఆ పిల్ల చదివేది కాదు, వాళ్లు ఆపేవాళ్లు కాదు." మా ఆవిడ బజారుకెళ్లి రబ్బరు కొనుక్కొచ్చి బల్ల మీద పెట్టింది. "ఇంటింటికీ వెళ్లి చెరిపేసి రా. నీ నిజాయితీ ఒక ప్రాణం తీసింది, చాలదా?" అంది. రబ్బరు జేబులో వేసుకుని కండక్టరు గారింటి దాకా వెళ్లాను. ఫిల్టరు తలుపు తీశాను. నా రాత కింద, ఎనిమిదేళ్ల కిందటిది, మా గురువు రాత ఉంది. ఆయన పోయి ఆరేళ్లయింది. ‘ఫ్యాను శుభ్రం చేశాను. ఎడమ స్క్రూ వదులు, జాగ్రత్త.’ ఎడమ స్క్రూ ఇప్పటికీ వదులే. నేను చెరపలేకపోయాను. చేసినపని చెప్పినవాడికి శిక్షా, చేసినపని దాచినవాడికి వ్యాపారమూ అయితే, రేపు మిషన్ విప్పేవాడు చీకట్లో తడుముకోవాల్సిందే కదా అయ్యా.

కావున తమరిని వేడుకొనునది: (అ) మనిషి ఆధారపడి ఉన్న ఏ మిషన్‌నూ, ఇంటికి వేరే మిషన్ చేర్చి, అది పనిచేస్తోందని కళ్లారా చూసే వరకూ, దూరం నుంచి ఆపరాదని కంపెనీవారికి లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వవలెను. (ఆ) ఆ ఉత్తర్వు నకలు నా చేతికి అందిన గంటలో జాబితా తమ బల్ల మీద పెడతాను, నన్ను కూడా దాంతోపాటు తీసుకోవచ్చును. (ఇ) దుకాణం సీలు వేయదలిస్తే ముందురోజు చెప్పగలరు. లోపల ఇద్దరి మిషన్లు విప్పి ఉన్నాయి.

ఇందులో వినయం తక్కువైన చోట చదువు తక్కువనుకుని క్షమించి, మిగతాది చిత్తగించవలెను.

తమ నోటీసుకు విధేయుడు,
జాబితా విషయంలో ఇంకా కానివాడు,
పెన్సిల్ మెకానిక్

తాజా కలం: పైదంతా గుమాస్తా గారికి చదివి వినిపించాను. విని, నవ్వి, దగ్గి, మళ్లీ నవ్వారు. "బాగుంది. దీనికి రసీదు నంబరు వేయడానికే పదిరోజులు పడుతుంది. ముప్పై ఏళ్లు ఆ పనే చేశానయ్యా, నాకు తెలీదా" అన్నారు. ఏడు రోజుల గడువు ఎల్లుండితో తీరిపోతుంది. అందుకని ముందే ఒక పని చేశాను, అది తమరికి చెప్పకపోతే మా గురువు ఊరుకోరు.

గురు, శుక్రవారాల్లో పదమూడు ఇళ్లకూ వెళ్లాను. ప్రతి మిషన్‌లోనూ ఫోన్లో ఉండే సిమ్ లాంటి చిన్న కార్డు ఒకటి ఉంటుంది, దాని ద్వారానే కంపెనీ మాట మిషన్‌కు చేరుతుంది. పన్నెండు తీసేశాను. తీసిన ప్రతిచోటా ‘కార్డు తీశాను, తారీఖు, నేనే’ అని పెన్సిల్‌తో రాశాను. ఆ పన్నెండు కార్డులూ ఈ అర్జీకి గుచ్చిన చిన్న కవరులో ఉన్నాయి. తమరడిగిన జాబితా అదే, ఉత్తర్వు వచ్చాక ఇస్తానని పైన రాసినది ఇలా ముందే ఇస్తున్నాను. వాటి మీది నంబర్లు చూస్తే ఏ మిషన్ ఎవరిదో కంపెనీకి తెలుస్తుంది, కాని ఇక కూర్చున్నచోటు నుంచి ఆపలేరు. ఆపాలంటే మెట్లెక్కి వెళ్లి, మంచం మీది మనిషి మొహం చూసి ఆపాలి.

అయితే కంపెనీ మాట ముప్పై రోజులు వినపడకపోతే మిషన్ తనంతట తనే ఆగిపోతుందని దాని పుస్తకంలో ఉంది. ఆ సంగతి పన్నెండు ఇళ్లలోనూ చెప్పాను. అందరూ తీసెయ్యమనే అన్నారు. కొన్నిటికి రెండు రోజులు గడిచాయి, కొన్నిటికి ఒకటి.

పదమూడోది గుమాస్తా గారిది. ఆయన తీయనివ్వలేదు. "మీ అక్క సిలిండరు పీల్చి బతికినవాణ్ణి. అర్జీ అన్నాక కింద ఒక మనిషి ఉండాలి. నా మిషన్ నంబరు రాసెయ్. మీట ఎవరు నొక్కుతారో చూద్దాం" అన్నారు. ఎంత చెప్పినా వినలేదు. ఆయన మాట ప్రకారం ఆ నంబరును కవరు వెనక రాశాను, పెన్సిల్‌తోనే. చెరిపెయ్యాలన్నా, కంపెనీకి పంపాలన్నా తమ చేతిలోనే ఉంది.

ఇవాళ పొద్దున నిండు సిలిండరు తెచ్చి ఆయన మంచానికి గొలుసుతో కట్టి వచ్చాను. ఐదు గంటలు వస్తుంది. ఈసారి ఎవరు అడిగినా తీసుకెళ్లను.