ఫిల్టరు కారడం లేదు

చెల్లెమ్మగారికి,

నేను క్షేమం. మీరూ క్షేమమేనని నిన్న ఫోనులో మీ గొంతు వినగానే అర్థమైంది.

ఇకమీద మనిద్దరం ఫోనులో మాట్లాడుకోకూడదని అమ్మాయి హుకుం జారీ చేసింది. ఏదైనా ఉంటే రాసుకోమంది. రాస్తే అరుపులు వినపడవట. మీ అబ్బాయి ఆఫీసుకు వెళ్తూ వస్తూ ఉత్తరాలు చేరవేస్తాడట. మంచిదే. మా అల్లుడికి ఇన్నాళ్లకు ఒక బాధ్యత దొరికింది.

విషయానికి వస్తాను. అమ్మాయికి నెలలు నిండుతున్నాయని ఆసుపత్రిలో పరీక్ష చేశారు. గ్రూప్ బి స్ట్రెప్ అనే క్రిమి ఉందన్నారు. తల్లికి ఏమీ కాదు గానీ, కాన్పులో బిడ్డకు అంటితే ప్రాణం మీదికి రావచ్చన్నారు. నేను ఆ కంగారులో ఉండగా మీరు ఫోను చేసి, "మీ ఇంట్లో నాలుగు రోజులు ఉండి వచ్చింది, అక్కడే అంటించుకుని ఉంటుంది. ఆడదిక్కు లేని ఇల్లు కదా అన్నయ్యగారూ, శుభ్రం ఎక్కడుంటుంది" అన్నారు.

నేను ఊరి నీటి సరఫరా ప్రయోగశాలలో పనిచేసి రిటైరయ్యాను. నీళ్లలో క్రిమి లేదని నేను సంతకం పెడితేనే వాల్వు తిప్పేవారు. అలాంటివాడి ఇంట్లో క్రిమి అన్నారు. మా ఆవిడ పోయాక కూడా ఆ ఇల్లు ఆమె ఉంచినట్టే ఉంది. ఆమె కళ్లజోడు కూడా రోజూ తుడుస్తున్నాను.

మా కుళాయి నీళ్లు, ట్యాంకు నీళ్లు, తాగే నీళ్లు పరీక్షించాను. ఏ దోషమూ లేదు. ఫలితాలు జతచేశాను. ఇక మీ ఇంటి వంతు.

ఇట్లు,
మీ అన్నయ్య (ఆ వరస ఇంకా చెల్లుతుందనుకుంటే)

తా.క. ఖాళీ సీసా ఒకటి పంపుతున్నాను. మీ కుళాయి నీళ్లు పట్టి పంపండి. మరగబెట్టి శుద్ధి చేసిన సీసా అది. తలనూనె పోసుకోకండి.

•

పూజ్యులైన అన్నయ్యగారికి నమస్కారాలు.

పూజ్యులు అని అలవాటుకొద్దీ రాసేశాను. కొట్టేస్తే కాగితం మరకలా కనిపిస్తుందని ఉంచేశాను.

మీ ఫలితాలు చేరాయి. ఒక్క అంకె అర్థం కాలేదు, మీ పొగరు మాత్రం బాగా అర్థమైంది. అన్నయ్యగారూ, నేను లాండ్రీ నడుపుతున్నాను. ఆ ఆసుపత్రి దుప్పట్లు ఉడికేది నా బాయిలరులోనే. రేపు మీ అమ్మాయిని పడుకోబెట్టే మంచం మీద పరిచేది నేను ఉతికిన గుడ్డే. ఊళ్లో సగంమంది మురికి నా చేతుల మీదుగా పోతుంది. అలాంటి నా ఇంటి కుళాయికి మీరు పరీక్ష పెడతారా? వినేవాళ్లు నవ్విపోతారు. మా ఇస్త్రీ అతను ఇప్పటికే నవ్వాడు.

నేనేం చేతులు కట్టుకుని కూర్చోలేదు. కోడలి బట్టలన్నీ మూడు వాయిలు ఉడకబెట్టించాను. ఆ వదులు గౌను ఇప్పుడు పుట్టబోయే బిడ్డకు సరిపోతుంది. పరుపు ఎండలో వేశాను. కర్టెన్లు తీసేశాను, ఇప్పుడు ఎదురింటివాళ్లకు మా వంటిల్లంతా కనపడుతోంది. కోడలు మొహం ముడుచుకుని, "అత్తయ్యా, అది గుడ్డల్లో ఉండేది కాదు, ఒంట్లో ఉండేది. చాలామంది ఆడవాళ్లలో ఊరికే ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది" అంది. "డాక్టరమ్మ చదువుకుంది, నేను ఉతికాను. మరక ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలుసు" అన్నాను. మళ్లీ నోరెత్తలేదు. మంచి పిల్ల, అందులో అబద్ధం లేదు. ఎవరి పోలికో తెలియదు.

ఉంటాను,
మీ చెల్లెలు

తా.క. సీసా తిప్పి పంపడం లేదు. మూత మీద మీ వేలిముద్ర ఉంది. కడగడానికి వేశాను.

•

చెల్లెమ్మగారికి,

ఉభయకుశలం.

ఆసుపత్రికి వెళ్లాను. క్రిమి ఉందని తెలిసి ఇప్పుడే మందు ఇచ్చి ఎందుకు చంపరని అడిగాను. ఇప్పుడు చంపినా కాన్పు నాటికి మళ్లీ వచ్చేస్తుందట. అందుకని నొప్పులు మొదలయ్యాకనో, ఉమ్మనీరు పోగానేనో వస్తే, అప్పుడు నరంలోకి మందు ఎక్కిస్తారట. బిడ్డ పుట్టే ముందు ఆ మందు కొన్ని గంటలైనా ఒంట్లో ఉండాలట. పైపులో క్రిమి ఉందని తెలిసీ, జనం కుళాయి తిప్పే రోజున మందు వేస్తానని నేను అనుంటే నా ఉద్యోగం ఆ సాయంత్రమే ఊడేది. ఆ మాట డాక్టరమ్మతో అన్నాను. "మీ అమ్మాయి పైపు కాదండీ" అంది. మర్యాదగానే అంది. ఆ మర్యాదకే కోపం వచ్చింది.

ఒక కాగితం ఇచ్చారు. ఉమ్మనీరు పోతే, కొంచెం కొంచెంగా కారినా సరే, నొప్పులు రాలేదని ఇంట్లో కూర్చోకుండా వెంటనే రావాలని అందులో ఉంది. నకలు పంపుతున్నాను. మీ గోడకు అంటించండి. గోడ ఉతకకండి.

మీరు నీళ్లు పంపేలా లేరు కాబట్టి, మీ అబ్బాయి అనుమతితో మీ వంటింటి గోడకు ఫిల్టరు బిగించమని ప్లంబరును పంపాను. ఈపాటికి వచ్చి వెళ్లుంటాడు.

ఇంకొక మాట. ఆడదిక్కు లేని ఇల్లు అన్నందుకు కాదు నా కోపం. అది నిజమే. శుభ్రం అన్నందుకు. అమ్మాయి కంటే ముందు మాకొక బాబు పుట్టాడు. రెండు రోజులు ఉన్నాడు. ఊపిరి అందలేదు, తర్వాత జ్వరం అన్నారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. తల్లికి శుభ్రం లేకపోబట్టే అని మా మేనత్త నలుగురిలో అంది. మా ఆవిడ ఆ రోజు మొదలు పోయేదాకా చేతులు కడుక్కుంటూనే ఉంది. అందుకని ఆ మాట మా అమ్మాయి దగ్గర ఎవరూ అనకూడదు.

ఇట్లు,
మీ అన్నయ్య

తా.క. ఫిల్టరు మంచి కంపెనీది. కారదు.

•

అన్నయ్యగారికి,

బాబు సంగతి నాకు తెలియదు. మీ అమ్మాయి కూడా ఎప్పుడూ చెప్పలేదు. శుభ్రం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మిగతావి తీసుకోను.

ఎందుకంటే మీ ఫిల్టరు కారుతోంది.

నన్ను అడక్కుండా పరాయి ఇంటి గోడకు కన్నాలు పెట్టించడం ఒక తప్పు. కోడలు కూర్చునే ప్లాస్టిక్ కుర్చీ మీదుగా, సరిగ్గా ఆమె నెత్తిన పడేట్టు బిగించడం రెండో తప్పు. వంటిల్లే చల్లగా ఉందని పాపం అక్కడే కూర్చుంటుంది. నిన్న సాయంత్రం ఆమె లేచి వెళ్లాక చూద్దును కదా, కుర్చీ గుంటలో నీళ్లు. తుడిచాను. పొద్దున మళ్లీ నీళ్లు. "ఏమే, ఇది కారుతుంటే చెప్పొద్దూ" అంటే ఆ పిల్ల నావంక చూసి, గోడవంక చూసి, "అవునత్తయ్యా, కారుతున్నట్టుంది" అని లోపలికి వెళ్లిపోయింది. పుట్టింటి పరువు కాపాడుతోంది మరి. ఫిల్టరు కింద చెయ్యి పెట్టి చాలాసేపు చూశాను. నేను చూస్తున్నప్పుడు కారదు. మీలాగే మొండిది.

మీకు రుజువులంటే ఇష్టం కదా. కుర్చీలో నిలిచిన నీళ్లు మీ సీసాలోకే వంచి మీ అల్లుడి చేత పంపుతున్నాను. సంతకం పెట్టి మరీ ఒప్పుకోండి.

ఉంటాను,
మీ చెల్లెలు

తా.క. పొద్దున్నుంచి కోడలు రెండుసార్లు బట్టలు మార్చింది. అడిగితే ఉక్కగా ఉందంటోంది. ఉతికేది నేను కదా, ఆమెకేం.

•

అన్నయ్యగారికి,

ఆసుపత్రి నడవాలో బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. చేతికి దొరికింది లాండ్రీ రసీదు వెనక వైపు. సర్దుకోండి.

మీరు మాట తప్పారు. ఫోను చేయకూడదన్న నియమం మీ అమ్మాయి పెట్టిందే. అయినా చేశారు. ఎత్తగానే పలకరింపు లేదు, పాడు లేదు. "అవి కుళాయి నీళ్లు కావు. అమ్మాయిని ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇప్పుడే" అని పెట్టేశారు. నేను వెనక్కి చేస్తే ఎత్తరు. ఒళ్లు మండిపోయి మిమ్మల్ని తిట్టడానికి కోడలి దగ్గరికే వెళ్లాను. మీ మాట చెప్పానో లేదో, ఆ పిల్ల మంచం మీద కూలబడి బావురుమంది.

"నిన్నటినుంచి కారుతోంది అత్తయ్యా. ఒంటేలు ఆపుకోలేకపోతున్నానేమో అని సిగ్గుపడ్డాను. చెబితే మీరు ఇల్లంతా మళ్లీ ఉడకబెడతారు, నాన్న నన్ను సీసాలో పోసి పరీక్షిస్తాడు. మీ ఇద్దరి గొడవకు భయపడి నోరు మూసుకున్నాను" అంది.

గోడమీద మీ కాగితం ఉంది. నేనే అంటించాను, మూలలు సమంగా చూసుకుని మరీ. చదవడం మాత్రం చదవలేదు. అప్పుడు చదివాను.

అబ్బాయి అప్పటికే మీ ఇంటినుంచి ఆఫీసుకు వెళ్లిపోయాడు. లాండ్రీ వ్యాను తీయించాను. ఉతికిన దుప్పట్ల మూటల మధ్య కోడలిని పడుకోబెట్టి తీసుకొచ్చాను. వెంటనే నరంలోకి మందు ఎక్కించారు. నొప్పులు తర్వాత మొదలయ్యాయి. మందు పనిచేయడానికి కావలసినంత సమయం దొరికిందని నర్సు చెప్పింది. ఇంకొంచెం ఆలస్యమైతే ఏమయ్యేదని అడగబోయి అడగలేదు.

ఆడపిల్ల. పాలు తాగుతోంది. జ్వరం గానీ ఆయాసం గానీ వస్తుందేమోనని ఇంకా కనిపెట్టి చూస్తున్నారు. ఇప్పటికి ఏమీ లేదు.

ఆ నర్సునే అడిగాను, ఇంతకీ ఈ క్రిమి ఎవరింటినుంచి వచ్చిందో తేల్చమని. ఎవరింటినుంచీ రాదట. ఎంత శుభ్రంగా ఉన్నా ఉండవచ్చట, వస్తుందట, పోతుందట. "మీ కాన్పుల నాటికి మీలోనూ ఉండే ఉండొచ్చమ్మా, అప్పట్లో ఎవరు చూశారు" అంది. నాకట. అబ్బాయి మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

నేను లోపల కోడలి దగ్గర ఉండగా మీరు వచ్చారట, కాన్పుగది బయట ఈ బెంచీ మీదే కూర్చున్నారట, పాప ఏడుపు వినగానే లేచి వెళ్లిపోయారట. ఒక మాట చెప్పి వెళ్లరా? మనవరాలిని చూసుకోరా? ఏ మనిషండీ మీరు? అసలు అవి కుళాయి నీళ్లు కావని రెండు వీధుల అవతల కూర్చుని మీకెలా తెలిసింది? జవాబు రాయండి. లేకపోతే నేనే మీ ఇంటికి వస్తాను.

ఉంటాను,
మీ చెల్లెలు

తా.క. కోడలి మంచం మీద దుప్పటి మనదే. మూలన మా లాండ్రీ గుర్తు చూశాను. మరక లేదు.

•

చెల్లెమ్మగారికి,

క్షేమం.

నాకు తెలిసి చేసింది ఏమీ లేదు. కాన్పుల సంగతి నాకు తెలియదు. మీ ఉత్తరం చదివి కోపం వచ్చింది. చెప్పులు కూడా విప్పకుండా సీసా మూత తీశాను. మీది తప్పని రాసి, అల్లుడు గుమ్మం దాటేలోపే అతని చేతిలో పెట్టాలని నా ఉద్దేశం. కోపం లేకపోయి ఉంటే ఆ సీసా మర్నాటిదాకా బల్లమీదే ఉండేది.

ముందు ఉప్పు ఎంతుందో పరీక్షించాను. మన కుళాయి నీళ్లలో ఉండే దానికంటే చాలా ఎక్కువ ఉంది. ఎర్ర లిట్మస్ కాగితం ముంచితే నీలంగా మారింది. మీ సబ్బు నీళ్లనుకున్నాను. సబ్బు వాసన లేదు. అది ఏమిటో నాకు తెలియలేదు. కుళాయి నీళ్లు కావని మాత్రం తెలిసింది. గెలిచానని కలం తీశాను. మీ మాటలనే ఎత్తిచూపుదామని ఉత్తరం మళ్లీ చదివాను. అప్పుడు మీ తా.క. కనిపించింది. రెండుసార్లు బట్టలు మార్చిందని. ఫోను ఎత్తాను.

వెళ్లిపోయినందుకు క్షమించండి. ఏడుపు విన్నాను. బలమైన ఏడుపు. అప్పుడే డాక్టరమ్మ బయటికి వచ్చింది. మా బాబు సంగతి అడిగాను. ఇన్నేళ్ల తర్వాత ఇదేనని చెప్పలేనంది. అయి ఉండవచ్చంది. అప్పట్లో ఈ పరీక్షలు లేవంది. ఏదైనా సరే, తల్లి శుభ్రతకూ దానికీ సంబంధం లేదంది. ఆ మాట రెండోసారి చెప్పించుకున్నాను.

ఇంటికి వచ్చి ఆ మాట చెప్పాను. కళ్లజోడుకే చెప్పాను. ఇంకెవరున్నారు. ఎన్నేళ్లు కడుక్కుంది చేతులు. ఒక్క మనిషి, ఒక్కసారి, నీ వల్ల కాదని చెప్పి ఉంటే సరిపోయేది. ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినవాళ్లకు తెలియలేదు. ఇప్పుడు తెలిసింది, వినవలసిన మనిషి లేదు. అందుకని మీకు రాస్తున్నాను. ఎవరో ఒకరు వినాలి.

కోపం ఇంకా పోలేదు. ఎవరిమీద చూపాలో తెలియడం లేదు. మా మేనత్త పోయి చాలా కాలమైంది. మీరే అందుబాటులో ఉన్నారు.

సాయంత్రం వస్తున్నాను. పాపను చూడాలి. అమ్మాయికి కూడా ఆ మాట నేనే చెప్పాలి. నీ వల్ల కాదు అని. మీరు ముందే చెప్పేయకండి.

ఇట్లు,
మీ అన్నయ్య

తా.క. ప్లంబరు చేత మళ్లీ చూపించాను. ఫిల్టరు కారడం లేదు. మీరు ఒప్పుకుంటూ రాతపూర్వకంగా ఇవ్వాలి.