కనబడని బోర్డు

అక్కా,

ఈ సంగతి బావగారి చెవిన వేయకు. మొన్న పురపాలక కార్యాలయం నుంచి మా కారుకు జరిమానా నోటీసు వచ్చింది. మంగళవారం పదకొండింటికి ఆపకూడని చోట ఆపారట. ఆ వేళకు మీ మరిది తను నడిపే స్కూలు బస్సును సర్వీసింగుకు ఇచ్చి అక్కడే కూర్చున్నానని నాతో చెప్పారు. అడిగితే, "కట్టేద్దాంలే, వదిలెయ్" అన్నారు. కొత్తిమీర కట్టకు కూడా బేరమాడే మనిషి అంత తేలిగ్గా కట్టేద్దామంటే నాకు అనుమానం రాదా?

నేనే ఆ వీధికి వెళ్ళి చూశాను. వాహనాలు ఆపరాదన్న బోర్డును చెట్టు కొమ్మలు కమ్మేశాయి. ఎదురుగా ఏముందో తెలుసా? బ్యూటీ పార్లరు!

ఇంటికొచ్చి అభ్యంతర పత్రం నింపాను. కారణం అన్నచోట "బోర్డు కనబడలేదు" అని రాసి చూపిస్తే ఆయన మొహం పాలిపోయింది. "ఈ మాట ఎవరైనా చూస్తే?" అంటూ కాగితం చింపేశారు. బోర్డు కనబడలేదనడంలో దాచాల్సిందేముంది?

కారు నా పేరు మీదే ఉంది కదా. మరో పత్రం నింపి, నేనే సంతకం పెట్టి పంపాను. వాళ్ళు తీసిన ఫొటో కూడా అడిగాను. ఆయన పక్కన ఎవరున్నారో చూడాలి.

నిద్రపట్టని నీ చెల్లి

*

అక్కా,

ముందు నన్ను నాలుగు తిట్టు, తర్వాత చదువు.

బోర్డు అక్కడే ఉంది కాబట్టి నా అభ్యంతరం చెల్లదని జవాబు వచ్చింది. ఫొటో జతచేశారు. అందులో మీ మరిది ఒక్కరే, గోడ పట్టుకుని పార్లరు పక్క మెట్లెక్కుతున్నారు. మెట్ల పైన కంటి డాక్టరు బోర్డు. ఆ రోజు నేను పార్లరు చూసి తలెత్తనేలేదు.

ఫొటో ఆయన ముందు పెట్టాను. "శుక్లాలట. ఆపరేషన్ అయ్యేదాకా బండి నడపొద్దన్నాడు డాక్టరు. ఉద్యోగం పోతుందని చెప్పలేదు. నువ్వు 'కనబడలేదు' అని రాస్తే, నా కళ్ళ గురించే రాశావనుకున్నా."

"బస్సులో నలభై మంది పిల్లలండీ!" అన్నాను.

"తెలుసు" అన్నారు. తెల్లారగానే వెళ్ళి బస్సు తాళాలు హెడ్మాస్టరు బల్ల మీద పెట్టి, "నాకు సరిగ్గా కనబడటం లేదు సార్" అని చెప్పి వచ్చారు. చూపొచ్చాక రమ్మన్నారట, చూడాలి. ఈయన్ని అనుమానించినందుకు సిగ్గుగా ఉంది. చెప్పనందుకు కోపం మాత్రం ఇంకా తగ్గలేదు.

జరిమానా మీద పై విచారణాధికారికి అప్పీలు చేశాను. నిన్న ఇద్దరం వెళ్ళాం. ఆ అధికారి కళ్ళద్దాలు తుడుచుకుని, ఫొటోను దగ్గరగా, దూరంగా పెట్టి చూశారు. "ఏదమ్మా బోర్డు? ఈ కొమ్మల్లో నాకూ కనబడటం లేదు" అంటూ జరిమానా కొట్టేశారు.

మీ మరిది కుర్చీలోంచి గబుక్కున లేచారు.

"మీక్కూడానా సార్? మా డాక్టరు మంచివాడు, అడ్రసు రాసిమ్మంటారా?"

మీ మరిదిని చెయ్యి పట్టుకుని నడిపిస్తున్న
నీ చెల్లి