తప్పు చేయకుండా అడిగిన మాఫీ

అక్కా,

నీకూ బావకూ తమ్ముడు రాజేశం దండాలు. పిల్లలు బాగున్నారా? నీ మోకాలి నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను, నా గురించి రంది పెట్టుకోకు. ఫోన్‌లో మాట్లాడాలంటేనే భయం పట్టుకుంది. అందుకే ఊరికొస్తున్న లింగన్న చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

ఇక్కడ హమ్రియా బస్తీలో జిలానీ భాయ్ రూమ్‌లో ఉంటున్నాను. కడపాయన, మంచివాడు. ఎండకు బయట కాలు పెట్టలేం. ఇప్పుడు నాకు కోర్టుకు తిరగడమే డ్యూటీ.

ఫోర్‌మన్ నన్ను రుస్తాఖ్ సైట్‌కు పంపాడు. నేనక్కడ పనిలో ఉంటే, పారిపోయానని కంపెనీ రిపోర్టు పెట్టింది! అది నిలబడితే నన్ను ఇంటికి తోలేస్తారు, మళ్లీ ఒమన్‌లో అడుగు పెట్టనియ్యరు. కార్మిక శాఖలో ఫిర్యాదు ఇచ్చాను. రాజీకి పిలిస్తే కంపెనీవాళ్లు రాలేదు, కేసు కింది కోర్టుకు పోయింది. సైట్ హాజరు పుస్తకం చూసి జడ్జి నా వైపే తీర్పు ఇచ్చాడు. ఆ రోజు మటన్ వండుకున్నాం అక్కా, పీడ వదిలిందనుకున్నాం. ఎక్కడ వదిలింది! కంపెనీ పై కోర్టుకు పోయింది.

పోయిన వారం అక్కడ విచారణ. కంపెనీ వకీలు నా గొంతే వినిపించాడు. రిపోర్టు సంగతి తెలిసిన రోజు మేనేజర్‌కు ఫోన్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాను: "గల్తీ హోగయా సాబ్, మాఫ్ కర్‌దో." తప్పు ఇతనే ఒప్పుకున్నాడన్నాడు వకీలు.

"తప్పు చేయకనే మాఫీ ఎందుకు అడిగితివప్పా?" అని జిలానీ భాయ్ పక్కనుంచి గొణిగాడు.

జడ్జి కూడా అదే అడిగాడు. దుబాసీకి నాకొచ్చిన హిందీలో చెప్పాను: "సాబ్, మా దిక్కు పెద్దోళ్లకు కోపమొస్తే ముందుగాల దండం పెడ్తం. తప్పెవరిదో ఎనుక చూస్తం."

జడ్జి నన్నే చూసి, ఏదో రాసుకుని, తీర్పు వాయిదా వేశాడు. ఏం రాసుకున్నాడో! అన్నం దిగట్లేదు అక్కా. ఇక్కడ ఓడితే ఇంకా పై కోర్టు ఉందట, కానీ అక్కడ సాక్ష్యాలు మళ్లీ వినరట, చట్టం తప్పిందా లేదా అన్నదే చూస్తారట.

బావ పండ్లు పట్టుకుని, నన్నిక్కడికి పంపిన ఏజెంటు ఇంటికి పోతానన్నాడట, మావాణ్ని క్షమించమని అడగడానికి. నీకు పుణ్యముంటుంది, ఆపు! నా తరఫున ఎవరూ ఎవరినీ బతిమాలొద్దు.

వచ్చే ఆదివారం తీర్పు, ఇక్కడ సెలవు శుక్రవారం కదా. పెద్దబాపుకు దండాలు చెప్పు, నీ దీవెన నాకు కావాలి. ఆ రోజు మేనేజర్ కూడా వస్తాడు. ఆయన్ని చూస్తే చాలు, నా చేతులు వాటంతటవే జోడవుతాయి. ఒక చేయి తను పట్టుకుంటానన్నాడు జిలానీ భాయ్.

నీ తమ్ముడు,
రాజేశం