ఖడ్గమృగం మీది గీతలు

నంద్యాల, 12-2-56

నాయనకు మౌనాచారి నమస్కారాలు. ఒంట్లో బాగుంది, బెంగపడవద్దు. పనిలోనే బుర్ర తిరిగిపోతోంది.

బడిపిల్లలు తడిమి చూసేందుకు రాతి ఖడ్గమృగాన్ని చెక్కమన్న సుందరరాజు అయ్యవారు, దొరల కాలంనాటి పుస్తకంలోని అచ్చుబొమ్మ ఇచ్చారు. దాని ఒంటినిండా వెంట్రుకల్లాంటి సన్నగీతలు. గీసిన గీతను ఉలి వదలకూడదని మీరు నేర్పారు కదా. పందిరి కింద పదిహేను రోజులు కూర్చొని, పొట్టకింద గీతలతో సహా అన్నీ చెక్కాను. నిన్న అయ్యవారు చూసి, "ఏందప్పా ఇది! ఆ గీతలు నీడ. అచ్చులో నీడను అట్లే గీస్తారు" అన్నారు. "మరి ఏది నీడ, ఏది చర్మం ముడత?" అని అడిగాను. ఆయన పుస్తకం చాలాసేపు అటూ ఇటూ తిప్పి, "నేను మాత్రం ఆ మృగాన్ని యాడ చూసినానప్పా?" అన్నారు.

అరగదీస్తే ముడతలు కూడా పోతాయేమో. వదిలేస్తే పిల్లలు దాన్ని చారల మృగమనుకుంటారు. ఏం చేయాలో మీరు రాసేదాకా ఉలి ముట్టను. అమ్మ మోకాలినొప్పి తగ్గిందా? అటకమీది సాన రాయిని ఆళ్లగడ్డ బస్సులో వచ్చే శేషయ్య మామతో పంపండి. అమ్మకు దండాలు, చెల్లెలికి దీవెనలు.

కార్డులో చోటు లేకున్నా ఇది రాయాలి. ఈరోజు మధ్యాహ్నం బొమ్మను పందిరి బయటికి, ఎండలోకి జరిపాను. పొట్టకింద నీడ దానంతట అదే పడింది, నేను గీతలు చెక్కిన చోటే.

మీ కొడుకు
మౌనాచారి